కోసి తీసినా మళ్లీ ఎందుకొస్తుంది?

మేకను కోసినప్పుడు కార్జం చూసే ఉంటారు. ముదురు ఎరుపు రంగు. మెత్తగా, నున్నగా ఉంటుంది. మనిషికీ అలాంటి కార్జమే ఉంటుంది. కుడి పక్కన, పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవాళ్లలో కిలోన్నర దాకా తూగుతుంది. పుస్తకాల్లో దీన్ని కాలేయం అంటారు. ఆసుపత్రిలో లివర్ అంటారు. పేరు ఏదైనా ఒకటే.

కాలేయం చేసే పని చిన్నది కాదు. తిన్న తిండి పేగుల్లో అరుగుతుంది. ఆ సారం రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ముందుగా కాలేయానికే పోతుంది. అక్కడ మంచీ చెడూ వేరవుతాయి. ఒంటికి పనికొచ్చేదాన్ని కాలేయం దాచిపెడుతుంది. విషాన్ని విరుస్తుంది. తాగిన సారా అయినా, మింగిన గోలీ అయినా దాని చేతి మీదుగా పోవాల్సిందే. కొవ్వును అరిగించే పైత్యరసం అక్కడే తయారవుతుంది. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టాలంటే కొన్ని పదార్థాలు కావాలి. వాటిని కూడా కాలేయమే తయారు చేస్తుంది.

దానికి ఇంకో గుణం ఉంది. కొంత భాగం కోసి తీసినా, మిగిలింది మళ్లీ పెరుగుతుంది. గిల్లిన తోటకూర మళ్లీ చిగురు వేస్తుంది కదా, దాదాపు అట్లాగే. ఈ గుణం ఉంది కాబట్టే కాలేయానికి ఆపరేషన్ చేయగలుగుతున్నారు. అయితే ఇది ఆరోగ్యంగా ఉన్న కాలేయం సంగతి. జబ్బుపడ్డ కాలేయం అంత బాగా పెరగదు.

నున్నటి కార్జం సీతాఫలం అయితే

పాలమూరు వాళ్లకు సీతాఫలం గురించి చెప్పాల్సిన పని లేదు. దాని తోలు గడ్డలు గడ్డలుగా ఉంటుంది. ఏళ్ల తరబడి దెబ్బతిన్న కాలేయం పైన కూడా అలాగే అవుతుంది. ఒకచోట పుండు పడుతుంది. అది మానుతుంది. మానినచోట మచ్చ గట్టిపడుతుంది. మళ్లీ పుండు, మళ్లీ మచ్చ. ఇలా పది, ఇరవై ఏళ్లు జరిగితే నున్నటి కాలేయం గట్టిపడి గడ్డలు కడుతుంది. డాక్టర్లు దీన్ని సిర్రోసిస్ అంటారు. కాలేయ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ముందు నుంచే ఇది ఉంటుంది.

కాలేయం ఇలా ఎందుకు దెబ్బతింటుంది? మన దిక్కు కనబడే కారణాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది హెపటైటిస్ బి అనే వైరస్. ఇది రక్తం ద్వారా సోకుతుంది. ఒకరికి వాడిన సూదిని ఇంకొకరికి వాడితే వస్తుంది. ఒకే బ్లేడుతో పలువురికి గడ్డం గీస్తే రావచ్చు. పచ్చబొట్టు సూదితో రావచ్చు. భార్యాభర్తల కలయిక ద్వారా వస్తుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దవాళ్లకు సోకితే చాలామందికి దానంతట అదే పోతుంది. పుట్టిన బిడ్డకు సోకితే అట్లా కాదు. 10 మందిలో 9 మందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కాలేయం చెడిపోయిందని తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సంవత్సరానికి ఒక లెక్క వేసింది. దాని ప్రకారం మన దేశంలో దాదాపు 3 కోట్ల మందికి ఈ వైరస్ ఉంది. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు.

హెపటైటిస్ సి అని ఇంకో వైరస్ ఉంది. అది కూడా రక్తంతోనే సోకుతుంది. దానికి టీకా లేదు. కానీ దాదాపు మూడు నెలలు గోలీలు మింగితే చాలామందికి పూర్తిగా పోతుంది.

తర్వాతది తాగుడు. ఈ సంగతి ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం పెట్టారు. 1997లో దాన్ని ఎత్తేశారు. నిషేధం పోయింది కానీ తాగినవాళ్ల కాలేయం మీది మచ్చలు పోలేదు.

మూడోది పల్లికాయ బూజు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల దిక్కు పల్లి బాగా పండిస్తారు. పీకేటప్పుడు వాన పడితే, సరిగా ఎండకుండానే కుప్ప వేస్తే, కాయకు బూజు పడుతుంది. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు బూజు అది. అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయించినా, ఉడకబెట్టినా అది పూర్తిగా పోదు. మక్కజొన్నకూ ఈ బూజు పడుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు ఊళ్లలో బూజు పట్టిన మక్కలు తిని 100 మందికి పైగా చనిపోయారు. అది ఒక్కసారిగా ఎక్కువ విషం పోయినప్పటి సంగతి. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తింటే అది క్యాన్సర్‌కు దారి తీస్తుంది. హెపటైటిస్ బి ఉన్న మనిషి ఈ బూజు తింటే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ బూజు మీద ఏళ్లుగా పని చేస్తున్నారు.

మంచి పల్లీలు మార్కెట్‌కు పోతాయి. ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరి పక్కన పెడతారు. అవి ఎవరి కడుపులోకి పోతాయి? ఏరిన కూలి ఇంటి చట్నీలోకే పోతాయి. ఇది ఆలోచించాల్సిన విషయం. ఊపితే గింజ గలగలమనేదాకా కాయను ఎండబెట్టాలి. బూజు పట్టినవాటిని పారేయాలి. పశువులకు కూడా పెట్టొద్దు. ఆ విషం పాలలోకి వస్తుంది.

ఈ మధ్య చక్కెర జబ్బు, ఒళ్లు పెరగడం వల్ల కూడా కాలేయానికి కొవ్వు పట్టి చెడిపోతోంది. తాగనివాళ్లకు కూడా ఇది వస్తుంది.

గడ్డ పుట్టడం, తీయడం

మన ఒళ్లు కోట్ల కోట్ల కణాలతో తయారైంది. కణాలు చస్తాయి, కొత్తవి పుడతాయి. దానికి ఒక లెక్క ఉంటుంది. దెబ్బ తిని మానుతున్న కాలేయంలో కణాలు మాటిమాటికీ పుట్టాల్సి వస్తుంది. ఎప్పుడో ఒక కణం లెక్క తప్పుతుంది. ఆగకుండా పెరుగుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అదే క్యాన్సర్ గడ్డ. మన పెద్దలు క్యాన్సర్‌ను రాచపుండు అనేవాళ్లు.

వేరేచోట పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకడం కూడా ఉంటుంది. అది వేరు, దాని వైద్యం వేరు. ఈ పాఠంలో చెప్పేది కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ గురించి.

చిక్కేమిటంటే మొదట్లో ఈ గడ్డకు నొప్పి ఉండదు. ఆకలి తగ్గడం, ఒళ్లు చిక్కిపోవడం, కడుపులో నీరు చేరడం, కామెర్లు రావడం, ఇవన్నీ ఆలస్యంగా కనబడతాయి. కామెర్లను మన దిక్కు పసిరికలు అని కూడా అంటారు. పసిరికలు అనగానే పసరు తాగించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. కొన్ని రకాల కామెర్లు రెండు మూడు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. తగ్గని రకం ఉన్నవాళ్లకు ఆ పసరుతో విలువైన నెలలు పోతాయి. కొన్ని పసర్లు కాలేయాన్ని ఇంకా చెడగొడతాయి కూడా.

గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే, మిగతా కాలేయం పని చేస్తుంటే, డాక్టర్లు ఆపరేషన్ చేస్తారు. గడ్డతో పాటు దాని చుట్టూ కొంత కాలేయాన్ని కూడా తీసేస్తారు. ఇది పెద్ద ఆపరేషన్. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటిదాకా ఇలాంటి ఆపరేషన్ అంటే భూమి అమ్మడమే. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఏ ఆపరేషన్‌కు ఎంత వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

సరే, ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి. మనిషి ఇంటికి వచ్చాడు. నాలుగు మెతుకులు తింటున్నాడు. అప్పుడే ఏడాదికో, రెండేండ్లకో మళ్లీ గడ్డ అంటారు. ఇంటి మీద పిడుగు పడినట్టు ఉంటుంది. ఇది అరుదుగా జరిగేది కాదు. ఆపరేషన్ అయిన ప్రతి 10 మందిలో 7గురి దాకా ఐదేండ్ల లోపల మళ్లీ గడ్డ వస్తుంది. ఎందుకు వస్తుంది?

పెద్దమ్మ ప్రశ్న

ఒక ఊళ్లో మహిళా సంఘం ఆడవాళ్లు కూర్చున్నారు. నర్సమ్మ కూడా వచ్చింది. వాళ్లలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె పెనిమిటికి పట్నంలో ఆపరేషన్ అయింది. ఏడాదిన్నర తర్వాత మళ్లీ గడ్డ కనబడింది.

“కోసి తీసేసిన్రు గద బిడ్డా! బొచ్చెల ఏసి మాకు సూపెట్టిన్రు గూడ. మళ్లెట్లొచ్చింది?” అని అడిగింది పెద్దమ్మ.

“కత్తి పెట్టినందుకే పాకింది. గాలి తగిల్తె పాకుతదంట,” అంది పక్కనున్నామె.

“పెద్ద డాక్టరు సరిగ తియ్యలేదేమో,” అంది ఇంకొకామె.

నర్సమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. “పెద్దమ్మా, నీ చేన్ల తుంగ ఉన్నదా?” అని అడిగింది.

“తుంగ లేని చేనుంటదా బిడ్డా!”

“కొడవలితోని కోస్తె పోతదా?”

“కోస్తె ఏం పోతది? నాలుగొద్దులకు మళ్లొస్తది. కింద గడ్డలుంటయి. ఒక గడ్డకు ఇంకో గడ్డ గొలుసు లెక్క ఉంటది. తవ్వి తీసినా ఏడనో ఒకటి మిగుల్తది.”

“మొత్తం తవ్వి తీసినవనుకో. గింజ గడ్డి మళ్లీ మొలవదా?”

“మొలుస్తది. భూమి అదే గద. వాన పడ్డదంటె ఏదో ఒకటి లేస్తది.”

“నువ్వు చెప్పినవి రెండు మాటలు పెద్దమ్మా. కార్జంల గడ్డ మళ్లొచ్చేది గూడ ఆ రెండు తీర్లనే,” అంది నర్సమ్మ.

పెద్దమ్మ చెప్పిన మొదటి మాట మిగిలిపోయిన తుంగ గడ్డ గురించి. క్యాన్సర్ గడ్డ పెరిగేటప్పుడు దాని కణాలు కొన్ని ఊడి చుట్టుపక్కల సన్నటి రక్తనాళాల్లోకి పోతాయి. కాలేయం నిండా రక్తనాళాలే. ఆ కణాలు రక్తంతో పాటు కొట్టుకుపోయి కాలేయంలోనే వేరేచోట ఆగుతాయి. ఇదంతా ఆపరేషన్‌కు ముందే జరిగిపోయి ఉంటుంది. మరి స్కానింగ్‌లో కనబడలేదా? కనబడదు. స్కానింగ్ యంత్రం ఎంత మంచిదైనా జొన్న గింజకన్నా చిన్న గడ్డ దానికి దొరకడం కష్టం. డాక్టరు కంటికీ, చేతికీ కూడా దొరకదు. అలా దాక్కున్న కణాలు మెల్లగా పెరుగుతాయి. ఆపరేషన్ అయిన మొదటి రెండేండ్లలో వచ్చే గడ్డ ఎక్కువగా ఈ రకమే.

అందుకే తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయిస్తారు. క్యాన్సర్ కణాలు సన్నటి రక్తనాళాల్లోకి పోయాయా లేదా అన్నది ఆ రిపోర్టులో ఉంటుంది. పోయి ఉంటే మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ. గడ్డ పెద్దదైనా, ఒకటికి మించి గడ్డలున్నా ముప్పు ఎక్కువే. ఆ రిపోర్టును జాగ్రత్తగా దాచాలి.

పెద్దమ్మ చెప్పిన రెండో మాట భూమి గురించి. ఇది ఇంకా ముఖ్యం. ఆపరేషన్‌లో గడ్డ పోయింది. కానీ ఆ గడ్డ పుట్టిన కాలేయం అక్కడే ఉంది. అది సీతాఫలం తోలులాగ అయిన కాలేయం. దానిలో వైరస్ ఉంటే ఇంకా ఉంది. మచ్చలు ఇంకా ఉన్నాయి. మొదటి గడ్డను పుట్టించిన కారణాలే రెండో గడ్డనూ పుట్టిస్తాయి. ఇది పాత గడ్డ తిరిగి రావడం కాదు. కొత్త గడ్డ. రెండేండ్లు దాటిన తర్వాత వచ్చేవాటిలో ఈ రకం ఎక్కువ.

“మరి ఎక్కువ కోసి తీస్తె అయిపోవు గద?” అని అడిగింది పక్కనున్నామె.

మంచి ప్రశ్నే. రొమ్ముకు క్యాన్సర్ వస్తే అవసరమైతే మొత్తం రొమ్మును తీసేస్తారు. గర్భసంచికి వస్తే గర్భసంచి తీసేస్తారు. కాలేయాన్ని అలా మొత్తం తీసేస్తే మనిషి బతకడు. గట్టిపడ్డ కాలేయం అయితే సగం తీసినా మిగతా సగం పని మోయలేదు. కడుపులో నీరు చేరుతుంది, కామెర్లు వస్తాయి, మనిషి పోతాడు. అందుకని డాక్టరు గడ్డ చుట్టూ ఎంత తీయాలి, ఎంత మిగల్చాలి అని తూకం వేస్తాడు. ఆ తూకం వల్ల కొన్నిసార్లు కంటికి కనబడని కణం మిగిలిపోతుంది. అంతమాత్రాన డాక్టరు తప్పు చేశాడని కాదు.

కత్తి పెట్టినందుకు, గాలి తగిలినందుకు పాకింది అనే మాట నిజం కాదు. గాలికి క్యాన్సర్ పెరగదు. ఈ మాట నమ్మి ఆపరేషన్ వద్దనుకునేవాళ్లు ఉన్నారు. ఆపరేషన్‌తో నయమయ్యే దశలో ఉన్న మనిషి ఇంటికి తిరిగి వస్తే, ఆరు నెలల తర్వాత ఆపరేషన్ చేసే అవకాశమే ఉండకపోవచ్చు.

ఇంకో మాట కూడా చాలా ఇళ్లలో వినబడుతుంది. “కోడలు పెట్టిన తిండికే మళ్లొచ్చింది” అంటారు. వంకాయ పెట్టిందని, గుడ్డు పెట్టిందని, పెరుగు పోసిందని అంటారు. వీటికీ గడ్డ తిరిగి రావడానికీ సంబంధం లేదు. పథ్యం పేరుతో ఉత్త గంజి పోస్తేనే మనిషి ఇంకా చిక్కిపోతాడు. గట్టిపడ్డ కాలేయం ఉన్నవాళ్లకు పప్పు, గుడ్డు, పాలు కావాలి. ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం పెడితే మంచిది. కడుపులో నీరు ఉంటే ఉప్పు తగ్గించాలి.

ఆపరేషన్ తర్వాత

మళ్లీ గడ్డ రాకుండా ఖాయంగా ఆపే మందు ఇప్పటికి లేదు. ఎవరైనా అలాంటి మందు ఉందని చెప్పి వేలు గుంజితే నమ్మొద్దు. కానీ ముప్పును తగ్గించే దారులు ఉన్నాయి. అన్నీ భూమిని బాగుచేసే దారులే.

హెపటైటిస్ బి ఉన్నవాళ్లు రోజూ ఒక గోలీ మింగాలి. టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ రాస్తారు. అది వైరస్‌ను అణచి ఉంచుతుంది. ఆపరేషన్ తర్వాత ఈ గోలీ వాడినవాళ్లకు గడ్డ తిరిగి వచ్చే ముప్పు తగ్గుతుంది. చాలామందికి ఇది ఏళ్ల తరబడి వాడాల్సిన మందు. “ఇప్పుడు బాగనే ఉన్న గద, ఎందుకీ గోలి?” అని సొంతంగా మానేస్తే వైరస్ ఒక్కసారిగా లేస్తుంది. కాలేయం పూర్తిగా పడిపోయే ప్రమాదం ఉంది. 2018 జులై 28న కేంద్ర ప్రభుత్వం హెపటైటిస్ మీద జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ఉచితం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మందులు ఎక్కడ ఇస్తున్నారో అక్కడి పెద్దాసుపత్రిలో అడిగితే చెబుతారు.

తాగుడు పూర్తిగా బంద్ చేయాలి. సారా వద్దు, బీరు వద్దు. కల్లు సంగతి ఏమిటని అడుగుతారు. నల్లగొండ దిక్కు కల్లును తాగుడు కింద లెక్కపెట్టరు. మిగిలిన కాలేయానికి మాత్రం అదీ ఇదీ ఒకటే.

ఒళ్లు నొప్పులకు ఊళ్లో దొరికే గోలీలు వేసుకోవద్దు. నొప్పి గోలీలు కొన్ని గట్టిపడ్డ కాలేయం ఉన్నవాళ్లకు కడుపులో రక్తం కారేలా చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఏ గోలీ అయినా కాలేయం డాక్టరును అడిగి వేసుకోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది మళ్లీ మళ్లీ చూపించుకోవడం. సాధారణంగా మొదటి రెండేండ్లు మూడు, నాలుగు నెలలకోసారి రమ్మంటారు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి రమ్మంటారు. స్కానింగ్ చేస్తారు. ఏ.ఎఫ్.పి. అనే రక్తపరీక్ష చేస్తారు. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. నొప్పి వచ్చేసరికి గడ్డ పెద్దదై ఉంటుంది.

పాలమూరులో దీనికి ఒక అడ్డం ఉంది. పని వెతుక్కుంటూ బొంబాయి, పుణె పోయే ఇళ్లు ఎన్నో. నల్లగొండ దిక్కు నేత పనివాళ్లు భీవండి, సూరత్ పోతారు. చూపించుకునే తేదీ వచ్చేనాటికి మనిషి ఏ మేస్త్రీ కింద ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు. రాను పోను చార్జీలు, పోయిన కూలి లెక్కేసుకొని “పండుగకు వచ్చినప్పుడు చూపిచ్చుకుంట” అంటాడు. మూడు నెలలు కాస్తా పది నెలలవుతాయి. ఇది మనిషి నిర్లక్ష్యం మాత్రమే కాదు. బతుకు తెరువు అట్లాంటిది. ఇలాంటి ఇళ్లవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. పని చేసే ఊళ్లోనే పెద్దాసుపత్రిలో స్కానింగ్ చేయించుకొని కాగితాలు తెచ్చినా పనికొస్తాయి. అందుకు ఫైలు మనిషి వెంట ఉండాలి. ఫైలు జిరాక్స్ ఇంట్లో ఉండాలి.

ఫైలులో రాత ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. అయినా అంకెలు చదవచ్చు. ఆపరేషన్ అయిన తేదీ, మళ్లీ రమ్మన్న తేదీ, గోలీ ఎన్ని మిల్లీగ్రాములు, ఏ.ఎఫ్.పి. పోయినసారి ఎంత, ఈసారి ఎంత. ఈ నాలుగూ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకోవాలి. పోయినసారి కన్నా అంకె బాగా పెరిగితే “ఎందుకు పెరిగింది సార్?” అని అడగాలి. అడిగితే కోప్పడే డాక్టర్లు ఉంటారు. అయినా అడగాలి.

మళ్లీ వస్తే ఏం చేస్తారు?

మళ్లీ గడ్డ అనగానే చాలా ఇళ్లలో మనిషిని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెడతారు. కానీ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే చేయగలిగింది ఉంటుంది. కొందరికి రెండోసారి ఆపరేషన్ చేస్తారు. కొందరికి బయటి నుంచే సూది గుచ్చి, ఆ సూది మొనకు వేడి పుట్టించి గడ్డను కాల్చేస్తారు. కొందరికి తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు పోయే రక్తాన్ని ఆపి అక్కడే మందు వదులుతారు. గోలీలు, సూది మందులు కూడా ఉన్నాయి. ఏది పనికొస్తుందన్నది గడ్డను బట్టి, మిగిలిన కాలేయం బలాన్ని బట్టి ఉంటుంది.

పాత కాలేయం మొత్తం తీసి, ఇంకొకరి కాలేయం పెట్టే ఆపరేషన్ కూడా ఉంది. అప్పుడు తుంగా పోతుంది, భూమీ మారుతుంది. అందుకే ఆ తర్వాత గడ్డ తిరిగి రావడం చాలా తక్కువ. కానీ గడ్డ చిన్నగా ఉండాలి, కాలేయం ఇచ్చేవాళ్లు దొరకాలి, బతికినంతకాలం మందులు వాడాలి. అందరికీ అందేది కాదు.

అన్ని దారులూ మూసుకుపోయిన మనిషి కూడా ఉంటాడు. అతనికి నొప్పి తగ్గించే వైద్యం ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికి ప్రత్యేక విభాగం ఉంది. నొప్పితో అరవాల్సిన పని లేదు.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి

హెపటైటిస్ బి వల్ల క్యాన్సర్ వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో భార్య, పిల్లలు, అన్నదమ్ములు, తల్లి అందరూ రక్తపరీక్ష చేయించుకోవాలి. వైరస్ ఉందని తేలితే భయపడి దాచిపెట్టొద్దు. కలిసి తింటే ఇది అంటుకోదు. ఒకే బావి నీళ్లు తాగితే అంటుకోదు. బిడ్డకు పాలిస్తే అంటుకోదు. పరీక్షలో పాజిటివ్ వచ్చిందని కోడలిని పుట్టింటికి పంపే ఇళ్లు ఉన్నాయి. ఆ కోడలికి అది పుట్టుకతోనే తల్లి నుంచి వచ్చి ఉండొచ్చు. పెళ్లి తర్వాత మొగుడి నుంచి వచ్చి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికో చెప్పడం డాక్టరుకే కష్టం.

వైరస్ లేనివాళ్లకు టీకా ఉంది. బరూచ్ బ్లమ్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1960లలో ఈ వైరస్ జాడ పట్టాడు. దానికి 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత టీకా వచ్చింది. కానీ విదేశాల నుంచి వచ్చే టీకా ఒక్క సూదికే వందల రూపాయలు. కూలి చేసుకునేవాళ్లకు అది అందని మాట. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో ఒక కంపెనీ పెట్టారు. దానికి తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ అని పేరు పెట్టారు. 1997లో ఆ కంపెనీ మన దేశంలోనే తయారైన హెపటైటిస్ బి టీకాను చాలా తక్కువ ధరకు తెచ్చింది. తర్వాత ఇతర కంపెనీలూ వచ్చాయి, ధర ఇంకా పడిపోయింది. 2002లో ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో పిల్లలకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2011 నుంచి దేశమంతా ఇస్తోంది.

టీకా పని చేస్తుందా అంటే, తైవాన్ అనే దేశం 1984లోనే పుట్టిన బిడ్డలకు వేయడం మొదలుపెట్టింది. అక్కడ పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి తగ్గిందని 1997లో లెక్క తేలింది.

బిడ్డ పుట్టిన 24 గంటల లోపల మొదటి సూది పడాలి. కాన్పు ఇంట్లో అయితే ఈ సూదే తప్పిపోతుంది. తల్లికి వైరస్ ఉందని ముందే తెలిస్తే బిడ్డకు ఇంకో రకం సూది కూడా అదే రోజు ఇస్తారు. అందుకే కడుపుతో ఉన్నప్పుడే హెపటైటిస్ బి పరీక్ష అడిగి చేయించుకోవాలి. తర్వాత ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు వేసే సూదుల్లో ఈ టీకా కలిసే ఉంటుంది.

పెద్దవాళ్లకు మూడు సూదులు. మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. రెండు వేయించుకొని మూడోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పెద్దమ్మ కొడుకులిద్దరిదీ అదే కథ. రెండో సూది వేయించుకొని పుణెకు పోయారు. మూడోది ఆలస్యమైతే మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని లేదని నర్సమ్మ చెప్పింది. వచ్చిన రోజే ఆ ఒక్క సూది వేయించుకుంటే చాలు. పెద్దమ్మ ఆ సంగతి కొడుకులకు ఫోన్‌లో చెప్పింది.